బార్ పక్కకుంటె మీకేం నొప్పి?

మా జమానల కంప్యూటర్ తెర మీది టాస్క్‌బార్‌ను పట్టి గుంజితె ఎటంటె అటు వచ్చేది. 1995ల విండోస్ 95 వచ్చిన సంది గంతే. పైకి, కిందికి, కుడికి, ఎడమకు, ఎవని చెయ్యివాటం వానిది. 2021 అక్టోబర్ 5న విండోస్ 11 అచ్చింది, బార్‌ను అడుగున పెట్టి మేకు గొట్టిన్రు. ఇగ కదలకపాయె.

ఇదేం పెద్ద ముచ్చట అంటరు ఇప్పటి పిలగాండ్లు. కోరుట్లల, జగిత్యాలల డీటీపీ చేసేటోన్ని అడుగున్రి. పాత మానిటర్ 1024కు 768 చుక్కలుండె. తర్వాత వెడల్పు తెరలు వచ్చినయ్, అగ్గువ లాప్‌టాపులు 1366కు 768. అడ్డం పెరిగింది గాని నిలువు ఒక్క చుక్క పెరుగలే. మనం చేసేదేంది? లగ్గం పత్రిక, కరపత్రం, దశదినకర్మ కార్డు, ఎక్కువ మటుకు నిలువుటియ్యే. పక్కలకు జాగ ఉత్తగ పడి ఉంటది, నిలువుకే కరువు. అసుంటప్పుడు బార్‌ను పక్కకు జరుపుకునుడు షోకా? పైంగ ఎక్స్‌పీల 30 చుక్కల మందమున్న బార్ విండోస్ 10ల 40 అయ్యె, 11ల 48 అయ్యె. చిన్నగ చేసుకునే సౌలతు గూడ తీసేసిన్రు.

పేర్ల కథ ఇంకొకటి. మాఘమాసం లగ్గాలప్పుడు ఒకటేపారి ఎనిమిది పది కార్డులు తెరిచి పెడుతుంటిమి. బార్ మీద ఒక్కొక్క ఫైలు పేరు కనవడేది. గిరాకి పక్కన నిలవడి "తమ్మీ, మా బావ పేరు మీదికి ఎక్కియ్యి" అంటుంటె కన్ను పోయినకాడికి చెయ్యి పోయేది. 11ల అన్నిటిని ఒక్క బొమ్మ కింద కుక్కిన్రు. సిరిసిల్లల నేత పని చేసేటోడు ఒక్కడే ఐదారు సాంచలు (మరమగ్గాలు) చూసుకుంటడు. ఒక్క సాంచను ముంగట పెట్టి మిగిలినయి పర్దెనుక దాస్తె, పోగు తెగింది వానికెట్ల తెలువాలె? జనం ఒర్లంగ ఒర్లంగ 2023ల పేర్లు మళ్ల ఇచ్చిన్రు. గుంజుకున్నది రెండేండ్లకు వాపసిచ్చుడు గూడ ఒక సంబురమేనాయె. 2012ల విండోస్ 8ల స్టార్ట్ బటన్ తీసి, ఏడాదికి మళ్ల పెట్టిన్రు గద, బుద్ధి రాలే.

జగిత్యాలల గల్ఫుకు పోయేటోళ్ల కాయితాలు చేసే దుకాణాలు చూడున్రి. పాస్‌పోర్ట్ ఒకదిక్కు, ఫారం ఇంకోదిక్కు, రెండు పక్కపక్కన ఉంటెనే అక్షరం అక్షరం సరిచూసుడు. బార్ మీద కుడి బటన్ నొక్కితె కిటికీలన్నీ పక్కపక్కన పేర్చేది, ఒకదాని మీద ఒకటి మెట్ల లెక్క పేర్చేది, రెండు మాటలుండె. 11ల అవ్వీ పోయినయ్. దాని బదులు వచ్చిన, కిటికీలను గళ్లల్ల సర్దే స్నాప్ లేఅవుట్ మంచిదే, కాదంటలే. మూడు నాలుగు కిటికీలకైతె పాతదానికన్న మెరుగే. కొత్తది పెట్టినందుకు పాతది పీకాల్నా?

బార్‌ను పక్కకు పెట్టుకునేటోళ్లు తక్కువ మందని దాన్ని చేసినోళ్ల మాట. ఏడాదికోపారి బస్సు టికెట్ తీసేటోన్నీ, పొద్దంత తెర ముంగట కూసోని కండ్లు పోగొట్టుకునేటోన్నీ ఒక్కొక్కటిగనే లెక్కగడితె గంతే అయితది. మా దుకాణంల పిలగాడు "కాకా, ఏదన్న సాఫ్ట్‌వేర్ ఏసుకుంటె బార్ జరుగుతది" అంటడు. అది నడుస్తది, ఇంకో అప్‌డేట్ వచ్చేదాక.

లినక్సోళ్లు ఏం తక్కువ తినలే. 2011ల అండ్ల తెర నడిపే గ్నోమ్ 3 వచ్చి మినిమైజ్ బటన్‌నే మాయం చేసింది. అండ్ల నయమేందంటె, పాతది కావాల్ననుకున్నోళ్లు పాత గ్నోమ్‌నే పట్టుకోని మాతే అని కొత్త పేరుతోని నడిపిచ్చుకున్నరు. మనకు ఆ దారి గూడ లేదు, మేం కార్డులు చేసే పేజ్‌మేకర్ అండ్ల సక్కగ ఎక్కది.

2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు గూడ మామూలు అప్‌డేట్లు ఆగినయ్, ఇగ మారుడు తప్పదు. పాత సిస్టం ఒక్కటి మాత్రం ఇంక తీయలే. వైరస్ భయానికి నెట్ వైరు పీకేసినం. ఎడమ పక్కకు బార్, ముంగట పేజ్‌మేకర్ 7.0. 2001 తర్వాత దానికి కొత్త పెద్ద వెర్షనే రాలే. గందుకేనేమో, ఇన్నేండ్లల్ల దాని మెనూ ఒక్కటి గూడ జాగ మారలే.