పాస్‌వర్డు కావాలా? దొంగ చేత అడిగించండి

పాస్‌వర్డు చేతిలో పెట్టడం వేరు, భద్రత చూడడం వేరు అని ఐటీ సేవల కంపెనీ కాగ్నిజెంట్ వారు 2025 జులైలో తేల్చేశారు. బ్లీచ్ తయారుచేసే క్లోరాక్స్ కంపెనీ తమను పెట్టుకున్నది హెల్ప్‌డెస్క్ అనే కాస్తంత పనికేనట, ఆ కాస్తా సవ్యంగానే చేశారట, సైబర్ భద్రత తమ పద్దు కాదట. 38 కోట్ల డాలర్ల నష్టం జరిగిందంటూ కాలిఫోర్నియాలోని అలమేడా కౌంటీ కోర్టులో క్లోరాక్స్ వేసిన దావా సంగతి అందరూ చదివే ఉంటారు. 2023 ఆగస్టులో ఎవడో దొంగ క్లోరాక్స్ ఉద్యోగిలా నటిస్తూ ఆ హెల్ప్‌డెస్కుకు ఫోన్ చేశాడు. నా దగ్గర పాస్‌వర్డు లేదు, కనెక్ట్ కాలేకపోతున్నానన్నాడు. అయ్యో అలాగా, ఇదిగో తీసుకోండని అవతలివారు ఇచ్చేశారు. నువ్వెవరని అడిగిన పాపాన పోలేదు. ఇదంతా దావాలోని ఆరోపణే. అయినా ఆ ఫోన్ సంభాషణ చదివాక షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాడికి ముందుగా కలిగేది భయం కాదు, అసూయ. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మనం ఏళ్ల తరబడి అడుగుతున్నాం. వాడు ఒక్కసారి అడిగాడు, పెట్టేశారు.

అసలు ఉద్యోగి పాస్‌వర్డు మరిచిపోతే జరిగే తంతు వేరు. కొత్తది కావాలంటే పోర్టల్లో టికెట్ వేయాలి. పోర్టల్లోకి వెళ్లాలంటే పాస్‌వర్డు కావాలి. కోడ్ పంపించమంటే మొన్న మార్చేసిన పాత ఫోనుకు పోతుంది. ఫోన్ నంబరు మార్చమంటే ముందు లాగిన్ అవమంటుంది. ఆపైన రహస్య ప్రశ్నలు. మీ అమ్మగారి పుట్టింటి పేరేమిటి, చిన్నప్పుడు మీరు పెంచుకున్న కుక్క పేరేమిటి, మీ హైస్కూలు మస్కట్ ఏమిటి? జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు మస్కట్ ఏముంటుంది? ఏదో ఒకటి కల్పించి రాస్తాం, ఆరు నెలల తర్వాత ఆ కల్పన మనకే గుర్తుండదు. ఇది మన ఒక్కరి మతిమరుపు కాదు. 2015లో గూగుల్ పరిశోధకులు లెక్క తీస్తే, ఇంగ్లీషు మాట్లాడే అమెరికన్లలోనే 40 శాతం మందికి తమ జవాబులు అవసరమైనప్పుడు గుర్తురాలేదు. ఇష్టమైన తిండి ఏమిటన్న ప్రశ్నకు మాత్రం, అసలు మనిషి ఎవరో తెలియనివాడు కూడా ఒక్క ఊహతో దాదాపు 20 శాతం సార్లు సరిగ్గా చెప్పగలడని తేలింది. ఇలాంటి ప్రశ్నలు వద్దని, గడువు పెట్టి పాస్‌వర్డులు మార్పించొద్దని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. 2003లో ఆ పాత నియమాలు రాసినాయన, తాను రాసినదానికి ఇప్పుడు విచారిస్తున్నానని అదే ఏడు పత్రికలవారితో ఒప్పుకున్నారు కూడా. ఆయన విచారం ఇంకా చాలా ఆఫీసుల ఐటీ విభాగాలకు చేరలేదు. బహుశా ఆ మెయిల్ తెరవడానికి పాస్‌వర్డు గడువు దాటిపోయి ఉంటుంది.

కాబట్టి సాక్ష్యాలన్నీ ఒకే దారి చూపిస్తున్నాయి. పాస్‌వర్డు రీసెట్ చేయించుకోవడం దొంగలకే చేతనవును. 2023 సెప్టెంబరులో ఎంజీఎం రిసార్ట్స్‌లో అంతే, 2025 ఏప్రిల్లో బ్రిటన్లో మార్క్స్ అండ్ స్పెన్సర్‌లో అంతే. ఇంకొకరిలా నటించి లోపలికి నడిచిపోయారు. ఆ రెండో కంపెనీ తన నష్టాన్ని 30 కోట్ల పౌండ్లుగా అంచనా వేసుకుంది. ఇంత నైపుణ్యం బజార్లో ఉండగా మనమే హోల్డ్ సంగీతం వింటూ కూర్చోవడం ఏం తెలివి? పాస్‌వర్డు మరిచినవాడు ఆ పనిని దొంగకు అప్పగించాలి. మనవాళ్లకు ఇది కష్టమేమీ కాదు. అమీర్‌పేటలో నలభై అయిదు రోజుల కోర్సు పెట్టొచ్చు, ఫోన్లో దీనంగా మాట్లాడడం మీద లైవ్ ప్రాజెక్టుతో సహా. మన నేపర్‌విల్ రూట్ 59 పొడుగునా కన్సల్టెన్సీలు వెలుస్తాయి. దొంగకు 80, కన్సల్టెన్సీకి 20, బెంచీ మీద ఉన్నన్నాళ్లు గెస్ట్‌హౌస్‌లో పప్పన్నం. హెచ్1బీ కూడా రావాలి న్యాయంగా. అసలు ఉద్యోగికే చేతకాని పనిని ప్రత్యేక నైపుణ్యం అక్కర్లేని వృత్తి అని ఏ అధికారి అనగలడు?

దొంగను నమ్మడమెలా అంటారా? హెల్ప్‌డెస్కు నమ్మింది కదా. మనకంటే శిక్షణ పొందినవాళ్లు నమ్మాక మనదేం పోయింది? పైగా ఫోన్ చేసే ముందు ఎవరు ఏ విభాగంలో ఉన్నారో, ఎవరి మేనేజరు ఎవరో వాడు చదువుకుని వస్తాడు. హెచ్ఆర్ వాళ్లకు ఆ శ్రద్ధ ఉందని చెప్పలేం. లోపలికి వెళ్లాక అంతా సర్దుకుని పోతాడు కదా అన్నది గట్టి అభ్యంతరమే. దానికి మందు కాగ్నిజెంట్ వారే చూపించారు. వాడితో చేసుకునే ఒప్పందంలో పాస్‌వర్డు తెచ్చిపెట్టడం వరకే అని రాయించుకుంటే సరి. ఆ తర్వాత సర్వర్లు మాయమైనా, ఫ్యాక్టరీలు మూతపడినా అది ఆ పరిమిత సేవ పరిధిలోకి రాదు. తెచ్చిపెట్టమన్నది తెచ్చిపెట్టాడు, సవ్యంగానే చేశాడు.

ఈ చివరి వాదన ఒక దొంగ చెబితే మనం నవ్వుతాం. వేలకోట్ల డాలర్ల కంపెనీ చెబితే అది పత్రికా ప్రకటన. తాళం ఎవరి చేతికి ఇస్తున్నామో చూడడం భద్రత కాకపోతే మరేది భద్రత? క్లోరాక్స్ వారూ అమాయకులేం కారు. తమ ఇంటి గుమ్మాన్నే పదేళ్లుగా బయటివాళ్లకు కాంట్రాక్టుకిచ్చి, గుర్తింపు సరిచూడాలని పద్ధతి రాసిచ్చామంటున్నారు. కాగితం మీద రాసిస్తే చాలా? ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో ఇక్కడ ఉన్న మనకంటే ఎవరికి తెలుసు! ఇలాంటి హెడ్‌సెట్ల వెనుక హైదరాబాదులో, చెన్నైలో రాత్రంతా మేలుకుని కూర్చునేది మన పిల్లలే. వాళ్లను కొలిచేది ఎన్ని నిమిషాల్లో ఫోన్ పెట్టించారు, ఎన్ని టికెట్లు మూశారు అన్నదాంతోనే. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి కాలర్‌ను విసిగించినవాడికి రేటింగ్ తగ్గుతుంది, అడగకుండా ఇచ్చేసినవాడికి శభాష్ దక్కుతుంది. అడగొద్దని నేర్పించి, అడగలేదని వాడి గొంతును రాతలోకి ఎక్కించి కోర్టులో ఎగ్జిబిట్‌గా పెడతారు. ఇటు ఆఫీసుల్లో ఏ తప్పూ చేయని ఉద్యోగులు మరో గంట ఫిషింగ్ వీడియో చూసి, చివర క్విజ్ రాయాలి. మేనేజరుకు ఒక్క ఫోన్ కొట్టి, వీడు మీవాడేనా అని అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలకు టికెట్ ధరలో ఎన్ని సెంట్లు కట్టారో ఇద్దరూ ఒప్పందం తెరిచి అలమేడా కోర్టుకు చూపించమనండి.