వేడినీళ్ల పద్యమునకు టీకా తాత్పర్యము

మూలము

స్విచ్చు వేసినంత చిటికెలో కాగునా
బోరుబావి నీటి పోరు తెలిసి?
వోల్టు తగ్గెనేని పొద్దెక్కు నీళ్లకు,
తానమాడు వేళ దాటునయ్య.

ప్రతిపదార్థము

స్విచ్చు వేసినంత = గీజరు ఎర్రబుగ్గ వెలిగినంతనే; చిటికెలో = పళ్లు తోముకొనేలోపల; కాగునా = కాగవనుట; బోరుబావి నీటి పోరు = వందల అడుగుల లోతున రాతి పగుళ్లలోని సున్నమును మోసుకొచ్చిన నీళ్లతో వేగుట; తెలిసి = ఎరిగి ఎరిగి (అడుగుట తగదని ఆక్షేపణ); వోల్టు తగ్గెనేని = యాసంగి మోటార్లన్నీ ఒక్కసారే అందుకొనగా, లైను చివరి ఇంటికి కరెంటు నీరసించినచో; పొద్దెక్కు = సూర్యుడు తాటిచెట్లు దాటును; తానమాడు వేళ = బడి బస్సు హారనుకు ముందటి కాలము; దాటునయ్య = మించిపోవును.

తాత్పర్యము

పుష్యమాసపు చలిలో దేవరకొండ మొదలు అచ్చంపేట దాకా గీజరును తిట్టని ఇల్లు లేదు. తిట్టుటకు ముందు దోషమెక్కడిదో చూడవలెనని కవి హృదయము.

పూర్వపక్షము

“నీళ్లల్ల ఫ్లోరైడున్నది, అదే రాడుకు పట్టింది, అందుకే కాగుతలేవు” అని నల్లగొండ వారొకరు. ఇది నిలువదు. రాడు మీది తెల్లపెచ్చు చాలామట్టుకు సున్నము. నీళ్లు వేడెక్కగా బైకార్బనేట్లు విరిగి పేరుకొన్నది. ఫ్లోరైడు కంటికి కానరాదు, కాచినా పోదు, ఆవిరైనకొద్దీ చిక్కబడును. దానిని తీయుటకే నాగపూర్ నీరి సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పౌడరుల పద్ధతిని ఏర్పరచగా, దానికి నల్లగొండ పేరే స్థిరపడినది.

సిద్ధాంతము

పెచ్చు కట్టినా ఎలిమెంటు వేడి నీళ్లలోకి పోక మరెక్కడికి పోవును? కాని పెచ్చు కింద ఎలిమెంటు తానే ఉడికి, ఒకనాడు కాలిపోవును. దాని పక్కనున్న థర్మోస్టాటు నీళ్లు కాగినవని భ్రమించి ముందే కట్టివేయును. కావున గోరువెచ్చదనము పెచ్చు దోషము, ఆలస్యము వోల్టు దోషము. వేడినీళ్లు రెండు చెంబులకే చల్లబడినచో ప్లంబరు పైపులు తారుమారు చేసెనేమో చూడవలెను. పెచ్చుకు మందు నిమ్మ ఉప్పు. ప్లగ్గు తీసి, చల్లారిన రాడును అది కలిపిన నీళ్లలో ముంచగా బుసబుస పొంగి పెచ్చు రాలును. నకిరేకల్ నిమ్మ మార్కెట్టు దగ్గరివారికి కాయల రసమే చాలును.

పాఠాంతరము

లండను చేరిన మనవారి ప్రతిలో గీజరుకు మారుగా రేడియేటరు కలదు. అచ్చట పైభాగము చల్లగా ఉన్నచో లోపల గాలి చిక్కినట్లు. చిన్న తాళముతో విడువవలెను. అడుగు చల్లగా ఉన్నచో తుప్పు మడ్డి. బాయిలరుకు దూరపు గదిది ఆలస్యమైనచో, దగ్గరివాటి వాల్వులు కొంత బిగించి నీళ్లు అటు మళ్లించవలెను. లైను చివరి ఇంటి గోస అక్కడా తప్పలేదు.

అలంకారము

“పొద్దెక్కు” అనుట అతిశయోక్తి అని కొందరు. లెక్క చూతము. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద 15 లీటర్లను 25 నుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 18 నిమిషములు. వోల్టులు 180కి పడిపోయినచో వాట్లు 1225 మాత్రమే, కాలము 30 నిమిషములు. ఇంటిలో నలుగురున్నచో రెండు గంటలు. కావున ఇది స్వభావోక్తియే.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారు స్విచ్చు ఆపిన పిదపనే బకెటులో వేలు పెట్టుదురు. కొత్త గీజరు కొనకముందు ఎలక్ట్రీషియను చేత వోల్టులు చూపించుకొందురు. బాత్రూము వరుసలో మొదటివారగుటకు అలారము పెట్టుకొందురు.