ఓల్డ్ ట్రాఫర్డుకి గుడివాడ సలహా

మాంచెస్టర్ యునైటెడ్ యాజమాన్యం దగ్గర డబ్బుంది, స్కౌట్లున్నారు, కంప్యూటర్ల ముందు కూర్చుని లెక్కలు కట్టే డేటా పండితులున్నారు. లేనిదల్లా కృష్ణా జిల్లాతో పరిచయమే. అదొక్కటీ ఉండుంటే ఇన్నేళ్ల అగచాట్లు తప్పేవి. వాళ్ల మిడ్‌ఫీల్డు ఎక్కడ చితికిపోతోందో, ఎవర్ని అమ్మి ఎవర్ని తేవాలో, కెప్టెన్ పట్టీ ఎవరి చేతికి కట్టాలో ఇక్కడ ఎప్పుడో తేల్చేశారు. బందరు కోనేరు సెంటర్లో తీర్మానం ప్రవేశపెట్టారు, గుడివాడ బస్టాండు దగ్గర టీకొట్టు బెంచీ బలపరిచింది, అవనిగడ్డలో డీఎస్సీ కోచింగు హాస్టళ్ల మేడల మీద ఏకగ్రీవంగా ఆమోదించారు. మాంచెస్టరుకి కబురు అందడమే తరువాయి.

ఈ సభలు జరిగే వేళ కూడా చెప్పుకోవాలి. అక్కడ రాత్రి మొదలయ్యే ఛాంపియన్స్ లీగు మ్యాచ్ మనకి వేసవిలో పన్నెండున్నరకి, చలికాలంలో ఒంటిగంటన్నరకి. ఇంటర్ చదివేప్పుడు తెల్లవారుజామున లేవమంటే జ్వరం తెచ్చుకున్న పిల్లాడు ఇప్పుడు అలారం కూడా లేకుండా లేచి కూర్చుంటున్నాడు. ‘ఎవరికన్నా బాగోలేదా ఏరా, ఈ వేళప్పుడు లేచావు?’ అని నాయనమ్మ అడిగితే ‘ఒడెగార్డ్‌కి మోకాలు బాగోలేదు నాయనమ్మా’ అంటాడు. పాపం ఆవిడ, ఎవరి బిడ్డో ఏమో అనుకుని, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కేసుకుంటుంది. ఒడెగార్డ్ జట్టు ఆర్సెనల్ 2023, 2024, 2025ల్లో వరసగా మూడేళ్లు రెండో స్థానంలో ఆగిపోయిందంటే ఆవిడ మొక్కులో లోపం లేదని నా నమ్మకం.

అన్నిటికంటే పెద్ద తగువు కెప్టెన్ గురించి. 2023 జూలైలో హ్యారీ మగ్వైర్ చేతి పట్టీ తీసి బ్రూనో ఫెర్నాండెజ్‌కి కట్టిన దగ్గర్నుంచి దివిసీమ రెండుగా చీలిపోయింది. ‘వాడు కెప్టెనేంటి మావా, బంతి పోతే చేతులు విసురుకుంటాడు, రిఫరీ మీద పడి ఏడుస్తాడు’ అని ఒక వర్గం. ‘వాడు లేకపోతే మనం రెండో డివిజనులో ఉండేవాళ్లం’ అని ఇంకో వర్గం. ఈ ‘మనం’ అన్న మాట జాగ్రత్తగా వినండి. 2024-25లో ‘మనం’ లీగులో పదిహేనో స్థానంలో నిలిచాం. ఆ సీజను చివర, మే నెలలో, బిల్బావోలో యూరోపా లీగు ఫైనల్ టాటెన్‌హామ్‌కి ‘మనమే’ ఇచ్చేశాం. సొంతూరి పంచాయతీ బోర్డు గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ‘వాళ్లు ఏం చేస్తున్నారండీ?’ అంటారు. మాంచెస్టర్ మనది, మంచినీళ్ల ట్యాంకు వాళ్లది.

కెప్టెనంటే రాయ్ కీన్‌లా ఉండాలని తీర్పిచ్చిన కుర్రాణ్ణి చూశాను. కీన్ ఆ క్లబ్బు వదిలింది 2005 నవంబరులో. ఈ తీర్పరి అప్పటికి ఊయల్లో ఉన్నాడో, అసలు భూమ్మీద పడనేలేదో వాళ్లమ్మని అడగాలి. అయినా ఏం, మనవాళ్లు చూడని స్వర్ణయుగం గురించి మాట్లాడినంత ధీమాగా చూసినదాని గురించి ఎన్నడైనా మాట్లాడారా!

ఇంతటి విధేయుడూ శనివారం సాయంత్రం ఒక చిత్రమైన పని చేస్తాడు. ఫాంటసీ ప్రీమియర్ లీగు అని ఫోన్లో ఒక ఆటుంది. మనమే పదిహేనుమందిని కొనాలి, ఒకణ్ణి కెప్టెన్ చెయ్యాలి, వాడి పాయింట్లు రెండింతలవుతాయి. బ్రూనో కోసం బందరు రోడ్డు మీద గొంతు చించుకున్న మనిషి, తన సొంత జట్టుకి కెప్టెన్‌గా ఎవర్ని పెట్టాడని తొంగిచూస్తే హాలండ్! మాంచెస్టర్ సిటీ మనిషి, పక్కింటి శత్రువు! అదేంట్రా అంటే, ‘అభిమానం వేరు బాబాయ్, పాయింట్లు వేరు’ అన్నాడు. ఓటు వేరు, నోటు వేరు అని పెద్దవాళ్లు నడిపిన బడిలోనే చదివాడు మరి.

ఫెర్గూసన్ 2013లో దిగిపోయాక యునైటెడ్‌కి మేనేజర్లు వస్తున్నారు, పోతున్నారు. ప్రతివాడూ వచ్చీ రాగానే పునాదుల నుంచి కడతానంటాడు. ఇంగ్లండువాళ్లకి ఇది కొత్తగా, బాధగా ఉందట. మాకేం కొత్త? బందరు పోర్టుకి 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో ఇంకొకరు, 2023లో మరొకరు శంకుస్థాపన చేశారు. పునాదిరాళ్ల విషయంలో మా స్క్వాడ్ డెప్త్ ఎవరికీ లేదు.

డెప్త్ అంటే గుర్తొచ్చింది. రొయ్యల చెరువుల మధ్య పెరిగినవాడికి ఫుట్‌బాల్ మార్కెట్ ఒకరు నేర్పక్కర్లేదు. కృత్తివెన్ను, బంటుమిల్లి, నాగాయలంక వైపు కుర్రాడితో పది నిమిషాలు కూర్చోండి, లండన్లో ఏ విశ్లేషకుడూ చెప్పనంత తేటగా చెబుతాడు. బ్రైటన్ అంటే హ్యాచరీ. ఈక్వడార్ నుంచి కైసెడో అనే సీడుని సుమారు 45 లక్షల పౌండ్లకి తెచ్చింది. మేత వేసింది, కౌంటుకి తెచ్చింది, రేటు బాగున్నప్పుడు పట్టుబడి చేసి 2023 ఆగస్టులో చెల్సీకి పది కోట్ల పౌండ్ల పైన తూకం వేసింది. (ఈక్వడార్ అనగానే మావాడి మొహం కాస్త మాడుతుంది. అమెరికా మార్కెట్లో మన వనామీ రొయ్యకి గండి కొట్టేది ఆ దేశమే. రొయ్యలూ వాళ్లే, మిడ్‌ఫీల్డర్లూ వాళ్లే!) ఇక చెల్సీ సంగతంటారా, స్టాకింగ్ ఎక్కువ, ఏరేటర్లు తక్కువ. ఆక్సిజన్ అందక సగం సరుకు బెంచీ మీద తేలిపోతోంది.

ఇంత శాస్త్రం తెలిసినవాడు ఒకే ఒక ప్రశ్న దగ్గర నీళ్లు నములుతాడు. మన చెరువులో సీడేదిరా? ఆదివారం పొద్దున గ్రౌండుకి రమ్మంటే పట్టుమని పదకొండుమంది తేలరు. ఒకడికి రాత్రి మ్యాచ్ నిద్ర, ఒకడికి పెళ్లిచూపులు, ఒకడికి కొత్త బూట్లు మట్టవుతాయని దిగులు. బంతి మాత్రం ఉంటుంది, గాలి ఉండదు. వచ్చిన ఆరుగురూ గట్టు మీద కూర్చుని లివర్‌పూల్‌కి లెఫ్ట్ బ్యాక్ ఎందుకు దొరకడం లేదో చర్చిస్తారు.

జిల్లానే అనుకోకండి, దేశం గతీ అంతే. సికింద్రాబాదులో పుట్టిన సునీల్ ఛెత్రీ 2024 జూన్‌లో దేశానికి ఆడటం మానేసి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. గోలు కొట్టేవాడు దొరక్క 2025 మార్చిలో మళ్లీ వెళ్లి పిలుచుకొచ్చాం. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు. వచ్చాడు, మాల్దీవుల మీద గోలు కూడా కొట్టాడు మహానుభావుడు. అదే ఏడాది అక్టోబరులో సొంత గడ్డ మీద, మార్‌గావ్‌లో, సింగపూర్ చేతిలో ఓడి ఆసియా కప్పు దారి మూసుకుపోయింది. నూట నలభై కోట్ల మంది బెంచీ మనది. ఆ రాత్రి మా టీకొట్టు దగ్గర దీని గురించి ఎవరన్నా మాట్లాడారా అంటే మాట్లాడారు. ‘మనోళ్ల ఆట ఎవడు చూస్తాడు మావా’ అన్నారు. అక్కడితో చర్చ ముగిసింది. అజెండాలో తర్వాతి అంశం ఆర్సెనల్ కార్నర్ కిక్కులు.

ఇక ట్రాన్స్‌ఫర్లు. కొత్త ఆటగాడు క్లబ్బులో చేరాడంటే మెడలో స్కార్ఫు వేస్తారు, జెర్సీ చేతికిస్తారు, పక్కన పెద్దమనిషి నిలబడతాడు, ఫోటో తీస్తారు. ఆటగాడు ‘చిన్నప్పట్నుంచీ నాకీ క్లబ్బంటే ప్రాణం’ అంటాడు. ఈ తంతు తామే కనిపెట్టామని యూరప్‌వాళ్లు అనుకుంటున్నారేమో! ఎన్నికలకి ముందు ఒక్కసారి కృష్ణా డెల్టాకి రమ్మనండి. నామినేషన్ల చివరి రోజుని మించిన డెడ్‌లైన్ డే వాళ్ల జన్మలో చూసి ఉండరు. గుడివాడలో కొడాలి నాని 2004, 2009ల్లో తెలుగుదేశం జెర్సీలో గెలిచారు, 2014, 2019ల్లో వైసీపీ జెర్సీలో గెలిచారు. బందరు ఎంపీ బాలశౌరి 2019లో వైసీపీ తరఫున నెగ్గి, 2024లో అదే మైదానంలో జనసేన తరఫున నెగ్గారు. అవనిగడ్డలో మండలి బుద్ధప్రసాద్ కాంగ్రెస్, తెలుగుదేశం, జనసేన మూడు జెర్సీల్లోనూ గెలిచిన మేటి. ట్రోఫీల లెక్కన చూస్తే ముగ్గురూ ముగ్గురే, ఏ పార్టీవాడూ నన్ను తిట్టక్కర్లేదు. కండువా మార్చినవాళ్లని కాదు, మార్చినా వాళ్లని గెలిపించిన ప్రేక్షకుణ్ణి చూడండి. ఆ ప్రేక్షకుడే, ఆ గడ్డ మీదే, ఫోన్లో అలెగ్జాండర్ ఇసాక్ న్యూకాసిల్ వదిలి 12.5 కోట్ల పౌండ్లకి లివర్‌పూల్ వెళ్లాడని చదివి, ‘ఛీ, ఈ కాలం ఆటగాళ్లకి విధేయతే లేదు’ అని ఉమ్మేశాడు.

బ్రూనోకి 2025 వేసవిలో సౌదీ క్లబ్బు అల్ హిలాల్ నుంచి గుట్టలకొద్దీ డబ్బు ఎదురొస్తే వద్దన్నాడు. మనవాళ్లు మెచ్చుకున్నారా? ‘వెర్రిబాగులోడు మావా, మేమైతే ఆ రాత్రే ఫ్లైటెక్కేవాళ్లం’ అన్నారు. పోతే ద్రోహి, ఉంటే తెలివితక్కువవాడు. ఆ పోర్చుగీసు మనిషి ఏ ఘాట్లో మునగాలో మీరే చెప్పండి.

జెర్సీల గురించి రెండే ముక్కలు. 1611లో ఇంగ్లీషువాళ్లు బందర్లో వర్తకశాల పెట్టుకున్నది ముఖ్యంగా మన గుడ్డ కోసం. మన అద్దకం ఓడలెక్కి వాళ్ల దేశం పోయి వాళ్ల దొరసానులకి గౌన్లయింది. నాలుగు వందల ఏళ్లు తిరిగేసరికి పెడన కలంకారీ అద్దకం బల్లకి కూతవేటు దూరంలో కుర్రాడు వాళ్ల పేరున్న పాలిస్టర్ చొక్కా తొడుక్కుని ఎండలో ఉడికిపోతున్నాడు. అసలుదైతే వేలు, కాబట్టి నకిలీదే. చిలకలపూడి పక్కన పుట్టినవాడికి గిల్టు గురించి నేను చెప్పేదేముంది!

ఒకప్పుడు ఈ బేరం అటునుంచి ఇటు నడిచింది. ట్రాన్స్‌ఫర్ టార్గెట్ అంటే హైదరాబాదీ ఆటగాడే. సయ్యద్ అబ్దుల్ రహీం సాన పెట్టిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. కలకత్తా క్లబ్బులు హైదరాబాదు, సికింద్రాబాదు వీధుల్లో గాలం వేసుకుని కూర్చునేవి. సికింద్రాబాదు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లింది అలాగే. రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చింది, 1962లో జకార్తాలో లక్షమంది ముందు దక్షిణ కొరియాని కొట్టి ఏషియాడ్ బంగారం తెచ్చింది. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సరు. మరుసటేడు పోయారు. ఆయన మీద హిందీవాళ్లు 2024లో సినిమా తీసేదాకా మా టీకొట్టు మేనేజర్లలో ఒక్కడికీ ఆ పేరు తెలీదు. సినిమా వచ్చాక మాత్రం ‘ఫోర్-టూ-ఫోర్ ఫార్మేషన్ మావా’ అని వివరించారు.

చివరికి మన కాలంలోనే, మన కళ్లముందే, ఒక తెలుగు నగరం పేరు పెట్టుకున్న క్లబ్బు దేశపు పెద్ద లీగు గెలిచింది. 2022 మార్చి 20, గోవాలో ఫటోర్డా మైదానం. స్టాండ్స్ నిండా కేరళ పసుపు. కెప్టెన్ బ్రెజిల్ మనిషి జువావ్ విక్టర్, కోచ్ స్పెయిన్ మనిషి మనోలో మార్కెజ్, ఆ ఏడాది పద్దెనిమిది గోల్స్ కొట్టింది నైజీరియా ఒగ్‌బెచె. ఎనభై ఎనిమిదో నిమిషంలో సాహిల్ తవోరా గోలుతో స్కోరు సమం చేసి, పెనాల్టీల్లో గోలీ కట్టిమణి మూడు ఆపి, హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు ఎత్తింది. అప్పుడు కెప్టెన్ మీద తగువు పడాల్సింది, డెప్త్ మీద దుమ్మెత్తిపోయాల్సింది. బందర్లో గానీ గుడివాడలో గానీ చీమ చిటుక్కుమంటే ఒట్టు.

ఏడాదిన్నర తిరక్కుండానే జీతాల బకాయిలు, ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం. విదేశీయులు ఒకరి వెనక ఒకరు సంచి సర్దుకున్నారు. 2023-24లో ఇరవై రెండు మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచి అట్టడుగున తేలారు. యజమానులు మారారు. 2025లో క్లబ్బే మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయి కూర్చుంది. అసలు 2019లో పుణె క్లబ్బు మూతపడితే ఆ ఖాళీలో పుట్టింది ఇది. అదే ఏడాది ఢిల్లీ క్లబ్బు భువనేశ్వర్ పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. మా నాయకులు కండువాలు మారుస్తారు గానీ నియోజకవర్గాన్ని ఎత్తుకుపోలేదు. ఆ ఘనత ఫుట్‌బాల్‌వాళ్లది. ఆటగాణ్ణి కాదు, కోచ్‌ని కాదు, జట్టునీ పేరునీ ఊరినీ కలిపి బదిలీ చేసిన కుంభకర్ణుడంతటి ట్రాన్స్‌ఫర్ ఇది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో గోల్‌పోస్టులొక్కటే మిగిలాయి.

ఈ వార్త పట్టుకుని కోనేరు సెంటర్ బెంచీ దగ్గరికెళ్లి, ‘ఒరే, మన హైదరాబాద్ క్లబ్బు ఢిల్లీకి పోయిందంటరా’ అన్నాను. మా సీనియర్ మేనేజర్ టీగ్లాసు కింద పెట్టాడు. మొహంలో మొట్టమొదటిసారి నిజమైన ఆసక్తి కనిపించింది.

‘ఎంతకి బాబాయ్?’ అన్నాడు.