గొంగళిపురుగులకు ప్రవేశం లేని సీతాకోకచిలుకల వనం

హైదరాబాదు శివార్లలో ప్రహరీ కట్టిన విల్లాల ప్రకటనల్లో ఈతకొలను, వ్యాయామశాలల సరసన ‘సీతాకోకచిలుకల వనం’ కూడా అమ్మకపు సరుకై కూర్చున్నది. ఆ వనానికి ఆభరణమైన కాగితంపూల తీగలో రంగులీనేవి రేకులు కావనీ, చిన్న తెల్లని అసలు పువ్వును చుట్టి ఉండే పుచ్ఛాలు, అనగా రంగు మారిన ఆకులనీ, కొన్ని ముద్దరకాలలో ఆ అసలు పువ్వు సైతం లోపించి పుచ్ఛాలే గుత్తులు కడతాయనీ వృక్షశాస్త్రం చెబుతుంది. ముద్దమందారంలోనూ కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోవడంతో పుప్పొడికి కరువే. విస్తళ్లు ఘనంగా పరచి వడ్డన మరచిన ఈ విందుకు అతిథులు రాకపోతే నింద మాత్రం వాతావరణ మార్పు మీద పడుతుంది.

స్థలం చదును చేసేటప్పుడు ముందుగా వేటు పడేది తంగేడు మీద. తెలంగాణ రాష్ట్ర పుష్పమన్న హోదా దానిని పొక్లెయిను నుంచి కాపాడలేదు. తంగేడు పువ్వులో తేనె ఉండదు, ఉన్న పుప్పొడి కూడా పుప్పొడి తిత్తుల కొనలలోని సన్నని రంధ్రాల వెనుక దాగి ఉంటుంది. గండుతుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే వాటి కండరాలను ఝుమ్మని అదిరిస్తే గాని అది బయటికి చిమ్మదు. దీనినే ప్రకంపన పరాగసంపర్కం అంటారు. ఎండుకలపను తొలిచి కాపురముండే ఆ తుమ్మెద కోసం ఒక్క మోడునైనా ఉంచుదామంటే నిర్వహణ సంఘం ససేమిరా అంటుంది. మోడు వాస్తుకూ మంచిది కాదట, విల్లా ధరకూ మంచిది కాదట.

పైగా సీతాకోకచిలుకలకు గొంగళిపురుగులుగా బాల్యం గడిపే దురలవాటు ఒకటున్నది. నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగు కరివేపాకు మీద అచ్చం పక్షిరెట్టలా నక్కి పిట్టల కళ్లు కప్పగలదు గాని, తోటమాలి వీపున ఉన్న మందుపంపు మనిషిని, పురుగును చూసి కొట్టదు. జిల్లేడు ఆకు తిని పెరిగే జాతికి జిల్లేడే లేదు. తంగేడు, రేల ఆకులు మేసే జాతికి ప్రహరీ బయటి పుట్టుకే గతి. గుడ్డు, పురుగు, గూడు ఎక్కడో పరాయిచోట ముగించుకొని, రెక్కలొచ్చాక మాత్రం ఫోటో వేళకు హాజరు కావాలన్నది ఈ వనపు నియమావళి.

బతుకమ్మ పండుగకు అదే నివాసులు కట్టకింత అని బేరమాడి తంగేడు పూలు కొని తెచ్చుకొంటారు. పండుగ తెల్లవారి, గేటు పక్కన తానుగా మొలిచిన తంగేడు మొక్కను కలుపు పద్దు కింద పీకించి సంఘం కూలి చెల్లిస్తుంది.