పగటి దివిటీలు

పూర్వం పట్టపగలు దివిటీ వెలిగించుకుని ఊరేగే హక్కు అందరికీ ఉండేది కాదు. రాజుగారు దయతలిస్తే పీఠాధిపతులకో, సామంతులకో దక్కే మర్యాద అది. ఆ దివిటీ దారి కనపడటానికి కాదు, వస్తున్నదెవరో దారిన పోయేవాళ్లకు తెలియడానికి. నూనె ఖర్చు ప్రభువుది, చెయ్యి నొప్పి పట్టినవాడిది. ఇప్పుడు రాజు దయతో పని లేకుండానే, కొత్త పికప్ కొన్నవాడికి ఆ మర్యాద ఫ్యాక్టరీ నుంచే బిగించి వస్తోంది. దాన్ని డీఆర్‌ఎల్, అంటే డేటైమ్ రన్నింగ్ లైటు, అంటారు. తాళం తిప్పగానే ముందు రెండు కనుబొమలు తెల్లగా వెలుగుతాయి. దివిటీ పట్టే మనిషి బదులు ఆల్టర్నేటర్ ఉంది. దానికి చెయ్యి నొప్పి తెలియదు.

నిజానికి ఇది మన ఎండలకు పుట్టిన దీపం కాదు. ఫిన్లాండులో 1972లో చలికాలపు పల్లెదారుల మీద, స్వీడన్‌లో 1977 నుంచి ఏడాది పొడవునా, పగలు కూడా లైట్లు వేసుకు తిరగమన్నారు. అక్కడి శీతాకాలపు సూర్యుడు ఆలస్యంగా వచ్చి, సంతకం పెట్టి, మధ్యాహ్నానికే సంచీ సర్దుకునే గుమాస్తా. 1990లో కెనడా కొత్త బండ్లకు తప్పనిసరి చేసింది, 2011లో యూరప్ కొత్త మోడళ్లకు ఆ నియమం పెట్టింది. మరి రోహిణి కార్తెలో, భీమవరం రోడ్డు మీద, తెల్లటి పికప్ కనపడలేదని ఎవరైనా అంటే అతణ్ణి చేర్చాల్సింది కంటి ఆసుపత్రిలో.

మన దేశంలో లైట్ల చరిత్ర రాసేవాళ్లు 2017 వేసవిని మరిచిపోకూడదు. ఏప్రిల్ 1 నుంచి కొత్త మోటారు సైకిళ్లకు ఎప్పుడూ వెలిగే హెడ్‌లైటు వచ్చింది. మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలు పోయాయి. నెల తిరిగేసరికి సామాన్యుడి దీపం వెలిగింది, ప్రభువుల దీపం ఆరింది. ఇంతటి సామాజిక విప్లవాన్ని జనం ఎలా స్వాగతించారంటే, ఎదురొచ్చిన ప్రతి బండివాడికీ వేళ్లు మూసి తెరిచి "లైటు, లైటు!" అని సైగ చేసి. బుగ్గ పోయిన బాధ మాత్రం పైనుంచి కిందికి దిగి బంపరులో స్థిరపడింది. మండల స్థాయి నాయకుడి నుంచి ఇసుక కాంట్రాక్టరు దాకా గ్రిల్లులో నీలం, ఎరుపు మినుకులు లేకుండా కదలడం మానేశారు.

నాలుగు తలుపులు, వెనక తొట్టి ఉన్న పికప్ అమెరికా సినిమాల్లో చూసే ముచ్చట అనుకున్నాం గానీ, 2016లో మన శ్రీసిటీలోనే ఇసుజు ఫ్యాక్టరీ తెరిచారు. ఆ తరువాత ఆక్వా ఆసాములకు అలాంటి బండి మీద మనసు పోవడం సహజం. ఏ కంపెనీ బండో మనకనవసరం గానీ, మా వైపు ఒక రొయ్యల ఆసామి ఒకటి కొన్నాడు. ఆయనకు లైట్ల అవసరం నిజంగానే ఉంది. అర్ధరాత్రి దాటాక చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడాలంటే చీకట్లో, బండి పట్టేంత వెడల్పు మాత్రమే ఉన్న గట్టు మీద బండి నడపాలి. అందుకని బంపరు మీదికి బారెడు ఎల్‌ఈడీ బార్ కొన్నాడు. పెట్టె మీద 300 వాట్లని రాసి ఉంది. 12 వోల్టుల మీద అది 25 ఆంపియర్లు. సన్నటి వైరు మీద అంత కరెంటు నిజంగా పారితే లైటు కన్నా ముందు వైరు వెలుగుతుంది. పెట్టె మీది అబద్ధం ఎన్ని బండ్లను అగ్గి నుంచి కాపాడుతోందో!

"దీనికి వేరే స్విచ్చెందుకండీ, ఆటోమేటిక్ చేసేత్తాను" అన్నాడు ఎలక్ట్రీషియన్. "తాళం తిప్పితే ఆ కనుబొమ లైటు వెలుగుద్ది కదండీ, దాని వైరు నుంచే లాగేత్తే సరిపోద్దండి. ఆయ్."

ఇన్సులేషన్ గీరాడు, మెలిపెట్టాడు, నల్ల టేపు చుట్టాడు. మన దేశంలో వారంటీలు ఆఖరి శ్వాస విడిచేది ఆ నల్ల టేపు కిందే.

పాత బండ్లలో వైరును అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: కరెంటు ఉందా, లేదా? ఇప్పటి బండిలో మధ్యన కంప్యూటర్ కూర్చుంది. వెలుగు తగ్గించడానికి చాలా బండ్లలో అది కరెంటును సెకనులో ఎన్నోసార్లు ఆపి వేస్తూంటుంది. కంటికి తెలియదు, బార్‌కు కరెంటు కలిపేందుకు మధ్యలో పెట్టిన రిలే అనే మీటకు తెలుస్తుంది. టకటకటకమని పళ్లు కొరుకుతుంది. కొత్త బార్ వణికింది. వణుకు చూసి అంబులెన్సేమో అనుకుని రెండు ఆటోలు పక్కకు తప్పుకున్నాయి. ఆసామికి ఆ లోపం భలే నచ్చింది. తమ్ముడొచ్చి తిట్టాక గానీ ఆ వణుకు ఆపే కెపాసిటర్ వేయించడానికి ఒప్పుకోలేదు.

అసలు కథ ఆ రాత్రి నడిచింది. పగలంతా, ముప్పొద్దులా, ఎండకు పోటీగా దేదీప్యమానంగా వెలిగిన బార్, గట్టెక్కి హెడ్‌లైట్ వేయగానే ఠప్పున ఆరిపోయింది. హెడ్‌లైట్ తీస్తే బార్ వెలుగుతుంది, వేస్తే ఆరుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. హెడ్‌లైట్ వచ్చినప్పుడు తప్పుకోవడమో, మసకబారడమో డీఆర్‌ఎల్ ధర్మం, అంతర్జాతీయ నియమాలు కూడా అదే అంటాయి. దాని వైరుకు వేలాడిన దీపానికీ అదే ధర్మం అంటింది. సూర్యుడున్నంతసేపూ వెలిగి, చీకటి పడితే సెలవు తీసుకునే లైటు. ముందు హారతి పళ్లెం లేదు గానీ, అచ్చం పగటి దివిటీయే.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా రిలే 30వ కాలికి కరెంటు, 87 నుంచి దీపానికి వైరు, చిన్న స్విచ్చు గుండా 86కు కరెంటు, 85 నుంచి ఎర్తు. కంప్యూటర్ వైరు జోలికే పోనక్కర్లేదు. కానీ అలా చేస్తే స్విచ్చు నొక్కాలి. దివిటీ మనమే వెలిగించుకుంటే ఇంకేం మర్యాద?

చట్టం సంగతి అంటారా? కంపెనీ ఇచ్చిన బండి స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే సవరించిన మోటారు వాహనాల చట్టంలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు! ఆ లెక్కన జరిమానాలు కడుతూ పోతే బండి వాయిదాల కన్నా బార్ వాయిదాలే ఎక్కువవుతాయి.

ముందు వెలుగుతోంది కదా అని వెనక కూడా వెలుగుతున్నదని నమ్మడం ఒక్క మన దేశపు జబ్బు కాదు. డీఆర్‌ఎల్ చాలా బండ్లలో ముందు మాత్రమే వెలుగుతుంది. సందెవేళ ముందున్న ధగధగ చూసి లైట్లు వేశామనుకుని, వెనక నల్లటి చీకటితో పోయే బండ్ల బెడద పడలేక, 2021 సెప్టెంబరు నుంచి కెనడా కొత్త నియమమే తెచ్చింది: డీఆర్‌ఎల్‌తో పాటు వెనక దీపాలూ వెలగాలి, లేదా చీకటి పడితే లైట్లన్నీ వాటంతటవే వెలగాలి, లేదా లైట్లు వేయలేదని తెలిసేలా డ్రైవరు ముందున్న మీటర్లు చీకట్లోనే ఉండాలి.

చివరికి మన ఆసామి బార్‌కు వేరే స్విచ్చు పెట్టిస్తుండగా ఎలక్ట్రీషియన్ బండి వెనక్కి వెళ్లి చూసొచ్చాడు.

"వెనక లైటు ఒకటి పోయిందండీ. పాతిక, ముప్పై అవుద్ది. వేసేయమంటారా?"

"ఇప్పుడెందుకులే అబ్బాయ్" అన్నాడు ఆసామి. "వెనకొచ్చేవాడికి వాడి లైట్లు వాడికుంటాయి కదా!"