మా రోజుల్ల గో, వెంట్, గాన్

మీకేం బిడ్డా, ఇంగ్లీషు ఫోన్లనే దొరుకుతది. మాకు ఆరో తరగతిల అక్షరాలు మొదలు, ఏడుకు వచ్చేసరికి గో, వెంట్, గాన్. ఒక్కటి తప్పితే అరచేతిల ఈతబరిగె. ట్రావెల్ అని పుస్తకంల ఉండేది గానీ మా ప్రయాణాలకు అంత పెద్ద మాటెందుకు? ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్ల ప్యాసింజరెక్కుడు, బెల్లంపల్లిల దిగుడు. బండి ఎప్పుడొస్తే అప్పుడే. అది వచ్చేలోపు పల్లీలు తినుకుంట ఊరోళ్లందరి మంచిచెడ్డలు మాట్లాడుకునేటోళ్లం. మీరు పక్కసీటోని పేరు గూడ అడగరు. సరే, ఇంగ్లీషు ముచ్చట గదా.

మా మనవరాలు కొరియా సీరియళ్లు చూస్తది. వాటిల పిల్లలు ఇల్లు కదిలేటప్పుడు పెద్దోళ్లకు 'తన్యో ఓగెస్సుమ్నిదా' అని చెప్తరు. కింద ఇంగ్లీషుల 'ఐయామ్ లీవింగ్' అని పడుతది. ఎంత తక్కువ చేసిన్రు! అది అచ్చంగ మన 'పోయొస్త'. పోవుడు, తిరిగొచ్చుడు రెండూ ఒక్క మాటల్నే. ఇంగ్లీషు గో అంటే పోవుడే, మళ్లొచ్చే పూచీ లేదు. అందుకే మనం 'ఐ విల్ గో అండ్ కమ్' అని రాస్తే సార్లు ఎర్రగీత కొట్టేది. కొరియావాళ్లకు ఇంకో తిప్పలున్నది. ఇటు రమ్మని పిలిస్తే వాళ్ల భాషల 'పోతున్న' అనే బదులియ్యాలె, ఇంగ్లీషులనేమో 'కమింగ్' అనాలె. మనకా బాధ లేదు, 'వస్తున్న' అనే అంటం.

మా గోలేటి బొగ్గుబాయిల ఊరు, అక్కడ 'పోయొస్త' ఉత్తమాట కాకపోయేది. బాయిల దిగేటోడు 'పోతున్న' అంటే తల్లి ఊకునేదా? లోపల పైకప్పు ఎప్పుడు కూలుతదో ఎవలకెరుక! షిఫ్టు విడిచినంక మనిషి ఆలస్యమైతే ఆడోళ్లు రోడ్డు మీదికొచ్చి నిలబడేటోళ్లు. ఆ భయం మంచిదని నేననను. ఇప్పుడు ఖైరిగూడ ఓపెన్‌కాస్టు గనిల పని ఆకాశం కిందనే, నెత్తిమీద కప్పు లేదు, అది కూలే భయమూ లేదు. అది బాగైంది. భయం పోయిందని మాట గూడ పోవాల్నా? మా వాడల పిల్లలు 'బై' అని బండి మీద దుమ్ము లేపుకుంట పోతున్నరు. గడపల నిలబడ్డ ముసలిదాని దిక్కు తిరిగి చూడరు.

ఐఈఎల్‌టీఎస్ రాయి బిడ్డా, ఏ దేశమన్న పో. పరీక్షల 'ఐయామ్ గోయింగ్' అనే రాయి, మార్కులు పోగొట్టుకోకు. విమానమెక్కేటప్పుడు అమ్మకు మాత్రం 'పోయొస్తనే' అని చెప్పు.