చచ్చాక సర్కారు సొత్తు

అమెరికాలో పమేలా పాక్విన్ బండ్ల కింద పడి చచ్చిన నక్కలు, రకూన్ల బొచ్చుతోళ్లతో మెడపట్టీలు, టోపీలు కుట్టి అమ్మింది. తోలు కోసం చంపలేదు గనుక పాపం అంటదట.

ఈ లెక్కన లక్సెట్టిపేట–జన్నారం రోడ్డు ఫ్యాషన్ రాజధాని కావాలి. పక్కనే కవ్వాల్ అడవి, 2012 నుంచి పులుల రిజర్వు. ముడిసరుకు లారీలే సిద్ధం చేస్తాయి. హెడ్‌లైట్ల వెలుగుకు కొయ్యబారి నిలబడే చుక్కల దుప్పికి కొలతలూ అక్కడికక్కడే తీయొచ్చు.

అడ్డల్లా 1972 వన్యప్రాణి చట్టమే. 39వ సెక్షన్ కింద చచ్చి దొరికిన దుప్పి ప్రభుత్వ ఆస్తి. తోలు ఒలిచినవాడిపై కేసు. పంచనామా, పోస్టుమార్టం, దహనం దుప్పికి.

గుద్దిన లారీ ఈపాటికి టోల్‌గేటు దాటి, రసీదు కూడా తీసుకుని ఉంటుంది.